నేల ఒకటి, నమూనా మరొకటి కారాదు

(దుగ్గిరాలలో పసుపు, వరి రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మట్టి నమూనా అనగానే మీలో చాలామందికి పార, గమేళా, నీడన ఆరబోసిన మట్టి, అరకిలో సంచి, ఆ సంచిలో మీ పేరూ సర్వే నంబరూ రాసిన చీటీ గుర్తుకు వస్తాయి. ఎరువుల మోతాదు తెలుసుకొనుటకు ఆ పద్ధతి చాలును. దానిని మీరు ఎప్పటినుండో చేస్తున్నారు. నేడు నేను చెప్పదలచినది వేరు. ఆ సంచిలోని మట్టి కొన్ని ప్రశ్నలకు నిజం చెబుతుంది, కొన్నిటికి అబద్ధం చెబుతుంది. ఏ ప్రశ్నకు నిజం చెబుతుందో, దేనికి అబద్ధం చెబుతుందో తెలియక అడిగిన రైతు, పొలానికి అక్కరలేని ఖర్చు పెట్టుటగాని, అవసరమైన ఖర్చు మానుటగాని జరుగుతుంది. ఈ రెండూ నష్టమే.

మీ ఇంట ఉన్న వస్తువుతోనే పోలిక చెబుతాను. ఒక పసుపు కొమ్మును దంచి పొడి చేశారనుకోండి. రంగు ఎంత ఉన్నదో, ఘాటు ఎంత ఉన్నదో ఆ పొడి చెబుతుంది. కాని ఆ కొమ్ము ఎంత గట్టిదో, విరుచుటకు ఎంత బలం కావలెనో పొడి చెప్పగలదా? చెప్పలేదు. దంచడంతోనే ఆ సంగతి పోయింది. మట్టి కూడా ఇంతే. మట్టిలో ఏమున్నదో పొడిమట్టి చెబుతుంది. మట్టి ఎట్లా అమరి ఉన్నదో మాత్రం చెప్పలేదు.

మన రేగడి స్వభావం

సీతానగరం వద్ద బయలుదేరే కృష్ణా పశ్చిమ కాలువ నీటితో మన ప్రాంతం మాగాణి అయింది. బెజవాడ దగ్గరి పాత ఆనకట్ట 1855లో పూర్తి కాగా, దాని స్థానంలో ప్రకాశం బ్యారేజి 1957లో వాడుకలోకి వచ్చింది. తెనాలి, రేపల్లె, బాపట్ల వైపు నేలలు ఎక్కువభాగం ఏటి ఒండ్రుతో ఏర్పడిన నల్ల రేగళ్ళు. ఏటి ఒడ్డున లంకలలో ఇసుక పాలు ఎక్కువ. లోపలికి వచ్చినకొద్దీ బంకపాలు ఎక్కువ.

ఈ నేలలోనే మనం రెండు విరుద్ధమైన పైర్లు పండిస్తున్నాము. వరికి నీరు నిలవవలెను. పసుపుకు నీరు నిలవరాదు. దుగ్గిరాల పేరుతోనే ఒక దీర్ఘకాలిక పసుపు రకం ఉన్నది. అది దాదాపు తొమ్మిది నెలలు నేలలో ఉండే పైరు. వానకాలమంతా నేలలోనే గడపవలసిన దుంపకు, వేళ్ళచుట్టూ గాలి ఆడకపోతే దుంపకుళ్ళు పట్టుకొంటుంది. కాబట్టి ‘ఈ నేలలో నీరు ఎంత త్వరగా దిగుతుంది?’ అన్న ప్రశ్న మనకు పుస్తకాలలోని ప్రశ్న కాదు, కళ్ళంలో పసుపు రాశి ఎంత అన్న ప్రశ్నే.

బంకమట్టి రేణువులు మిల్లీమీటరులో అయిదువందలవ వంతు కంటె చిన్నవి. ఇసుక వలె గుండ్రంగా ఉండవు, పలుచని రేకుల వలె ఉంటాయి. మన రేగడిలో మాంట్‌మొరిల్లొనైట్ అనే ఖనిజం ఎక్కువ. అది నీరు తగిలితే ఉబ్బుతుంది, ఆరితే కుదించుకొంటుంది. వేసవిలో కాలువలు కట్టిన తరువాత పొలంలో చేయి పట్టేంత నెర్రెలు పడుటకు కారణం ఇదే. ఈ రేకులు ఒకదానితో ఒకటి ఆనుకొని, చిన్న గుళికలుగా, గుళికలు పెళ్ళలుగా ఏర్పడతాయి. పెళ్ళల మధ్య సన్నని నెర్రెలు, పాత వేళ్ళు కుళ్ళిన రంధ్రాలు, వానపాముల దారులు ఉంటాయి. రేగడిలో నీరు చాలావరకు దిగేది ఈ దారులగుండానే. ఏండ్ల తరబడి పైనున్న మట్టి బరువు, తడి, ఎండ కలిసి ఈ అమరికను తయారుచేశాయి. పార ఒక్క వేటుతో దానిని చెదరగొడుతుంది.

చేతిలోనే చేసి చూడండి

నా మాట నమ్మనక్కరలేదు. మీరే పరీక్షించండి. పదును ఉన్నప్పుడు గట్టు వారగా ఒక అడుగు లోతున కత్తితో పిడికెడంత పెళ్ళను జాగ్రత్తగా కోసి తీయండి. బొటనవేలితో దానిని నొక్కి, ఎంత గట్టిగా ఉన్నదో గమనించండి. తరువాత అదే పెళ్ళను, చుక్క నీరైనా చేర్చకుండా, రొట్టెపిండి వలె అయిదు నిమిషాలు పిసికి, మరల ముద్దచేసి నొక్కండి. ఈసారి వేలు సులువుగా దిగబడుతుంది. మట్టి మారలేదు, నీరు మారలేదు, బరువు మారలేదు. మారినది అమరిక ఒక్కటే.

పిసకక ముందు ఉన్న బలాన్ని, పిసికిన తరువాత ఉన్న బలంతో భాగిస్తే వచ్చే అంకెను ఇంజనీర్లు ఆ మట్టి యొక్క ‘సున్నితత్వం’ అంటారు. కొన్ని దేశాలలో ఈ అంకె చాలా ఎక్కువ. నార్వే దేశంలో రిస్సా అనే చోట 1978 ఏప్రిల్ 29న ఒక రైతు తన పశువుల కొట్టం పెంచుటకు తవ్విన మట్టిని చెరువు ఒడ్డున పోయించాడు. ఆ బరువుకు ఒడ్డు కొంచెం జారింది. జారిన చోట చెదిరిన బంకమట్టి చిక్కని మజ్జిగ వలె పారసాగింది. దాని వెనుక మట్టి, దాని వెనుక మట్టి వరుసగా కదలి, ఏడు కమతాలు, అయిదు ఇళ్ళు పోయాయి. ఒకరు మరణించారు. అది ఒకప్పుడు సముద్రం అడుగున ఏర్పడి, తరువాత ఉప్పు కడిగివేయబడిన ప్రత్యేకమైన మట్టి. మన రేగడి అటువంటిది కాదు కనుక మీరు భయపడనక్కరలేదు. అయితే చెదిరిన బంకమట్టి, చెదరని బంకమట్టి ఒకటి కావన్న నీతి మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే.

నమూనా ఎక్కడెక్కడ చెడుతుంది?

నమూనా పొలం నుండి ప్రయోగశాల చేరేలోపల నాలుగుచోట్ల దెబ్బ తింటుంది.

మొదటిది, బరువు తొలగుట. ఆరు అడుగుల లోతున ఉన్న మట్టిపై ఆరు అడుగుల మట్టి బరువు ఉంటుంది. పైకి తీయగానే ఆ బరువు పోతుంది. మట్టి కొంచెం ఉబ్బుతుంది. ఎంత నేర్పుగా తీసినా దీనిని పూర్తిగా తప్పించలేము.

రెండవది, గొట్టం దింపుట. గొట్టం అంచు మందంగా ఉంటే, ఆ మందమంత మట్టిని ప్రక్కకు నెట్టి దిగవలెను. నెట్టబడిన మట్టి నమూనాను నలుపుతుంది. అమెరికాలో హ్వార్స్‌లెవ్ అనే ఇంజనీరు 1949లో నమూనాలు తీయు విధానాలపై పెద్ద నివేదిక ప్రకటించారు. గొట్టం గోడ ఆక్రమించే చోటు, లోపలి నమూనా చోటులో సుమారు నూటికి పది వంతులు మించరాదన్న సూత్రం అప్పటినుండి స్థిరపడింది. లెక్క చూడండి. లోపలి వ్యాసం 50 మిల్లీమీటర్లు గల గొట్టానికి గోడ మందం 3 మిల్లీమీటర్లు అయితే ఆ పాలు నూటికి 25 దాటుతుంది. గోడ 1.2 మిల్లీమీటర్లు అయితే నూటికి 10కి లోబడుతుంది. అంటే బోరుబావికి మిగిలిపోయిన మందపాటి గొట్టం ముక్క ఈ పనికి తగదన్నమాట. మన దేశంలో పలుచని గొట్టాలతో నమూనాలు తీయుటకు భారతీయ ప్రమాణం 2132 అనే నియమావళి ఉన్నది.

మూడవది, రవాణా. మోటారుసైకిలు వెనుక కట్టిన నమూనా ఇరవై మైళ్ళు అదరుతూ వస్తుంది. ఎండ తగిలితే అంచులు ఆరి, గోడనుండి విడిపోతాయి.

నాలుగవది, ప్రయోగశాలలో నమూనాను గొట్టం నుండి త్రోసి, అంచులు చెక్కి, సరిచేయుట. మొద్దు కత్తితో చెక్కితే పైపొర మెత్తబడి, పూత వేసినట్లు రంధ్రాలన్నీ మూసుకుపోతాయి.

దీనివలన ఏ గుణం ఎట్లా మారుతుంది?

బలం విషయం తీసుకోండి. నలిగిన మెత్తని బంకమట్టి ఉన్నదానికంటె బలహీనంగా కనబడుతుంది. అది నమ్మి గోదాముకో, పసుపు ఉడకబెట్టే కొట్టానికో పునాది వేస్తే, అవసరానికి మించిన ఖర్చు అవుతుంది. కాని అదే నమూనా దారిలో ఆరిపోతే, ఉన్నదానికంటె గట్టిగా కనబడుతుంది. ఇది మరింత ప్రమాదం. వానకాలంలో నేల తడిసిన తరువాత ఆ బలం ఉండదు, గోడ నెర్రెవిచ్చుతుంది.

అణగుట విషయం కూడా అట్లాంటిదే. నేల తన జీవితంలో ఇంతకుముందు ఎంత బరువు మోసిందో, ఆ బరువు వరకు తక్కువగా అణగి, దాటితే ఎక్కువగా అణగుతుంది. చెదిరిన నమూనాలో ఈ హద్దు చెరిగిపోతుంది. తక్కువ బరువుకే నేల కుంగునన్న అభిప్రాయం కలుగుతుంది. ప్రయోగశాలవారు కొంతవరకు దిద్దుబాటు చేయగలరు. అయితే చెడిన నమూనాను దిద్దుట కంటె చెడకుండా తెచ్చుట మేలు.

ఉబ్బుట విషయంలో తడి ముఖ్యం. తీసినప్పుడు ఉన్న తడి పోయి పొడిబారిన రేగడి, నీరు తగలగానే పొలంలో ఉబ్బేదానికంటె ఎక్కువ ఉబ్బుతుంది. కాబట్టి నమూనా తీసిన తేదీ, ఆనాటి తడి తెలియనిదే ఉబ్బు అంకెకు అర్థం లేదు.

ఇక మనకు అన్నిటికంటె ముఖ్యమైనది, నీరు దిగే గుణం. నెర్రెలు, వేళ్ళ దారులు నలిగి మూసుకుపోతే నీరు అసలు దిగనట్లు కనబడుతుంది. నమూనా ఆరి గొట్టానికీ మట్టికీ మధ్య సందు ఏర్పడితే, ఆ సందున నీరు జారిపోయి, నేల ఇసుకనేల వలె కనబడుతుంది. రెండు తప్పులలో ఏది జరిగిందో కాగితంపై అంకె చూసి చెప్పలేము.

నేను చేసిన పొరపాటు

ఈ సంగతి నేను పుస్తకంలో చదివి నేర్చుకొన్నది కాదు. పోస్టుగ్రాడ్యుయేటు విద్యార్థిగా ఉన్నప్పుడు డెల్టాలో ఒక పల్లెకు వెళ్ళి, ఒక పెద్దాయన పొలంలో నమూనాలు తీశాను. దొరికిన ఇనుప గొట్టాన్ని ముక్కలుగా కోయించి, సుత్తితో కొట్టి నేలలో దింపాను. వాటిని సంచిలో వేసి మోటారుసైకిలుకు కట్టుకొని తెచ్చాను. రెండురోజులు వరండాలో ఉంచి, మూడవరోజు నీరు పోసి చూశాను. నీరు దిగనేలేదు. ఆ లెక్క ప్రకారం మురుగు గొట్టాలు బాగా దగ్గరదగ్గరగా వేయవలెనని రాసి, కాగితం తీసుకువెళ్ళి పెద్దాయనకు చూపించాను.

ఆయన కాగితం చూసి, ‘బాబూ, వాన వెలిసిన మూడోనాటికి నా చేలో నాగలి కట్టుకోవచ్చు. మీ కాగితమేమో నా చేను ఎన్నటికీ ఆరదంటోంది. చేను మాట నమ్మమంటారా, కాగితం మాట నమ్మమంటారా?’ అని అడిగారు. నావద్ద సమాధానం లేదు.

మరల వెళ్ళి, ఆ పొలంలోనే ఆగరుతో గుంట వేసి, నీరు తోడి, నీరు మరల ఎంత వేగంగా ఊరుతున్నదో గడియారం పెట్టుకొని చూశాను. చేను మాటే నిజమయింది. నేను పరీక్షించినది ఆయన నేలను కాదు. నా సుత్తి తయారుచేసిన కొత్త మట్టిని.

ఆ కాగితం ప్రకారం ఆయన గొట్టాలు వేయించి ఉంటే ఎంత నష్టమో లెక్క చూడండి. హాలెండు శాస్త్రజ్ఞుడు హూగౌట్ 1940లో ఇచ్చిన సూత్రం ప్రకారం, మిగిలిన పరిస్థితులు సమానమైతే, నేల నీటిని దింపే గుణం నాలుగోవంతుకు తగ్గితే మురుగు గొట్టాల మధ్య దూరం సుమారు సగానికి తగ్గించవలెను. 40 మీటర్ల ఎడం సరిపోయే పొలంలో ఎకరానికి సుమారు 100 మీటర్ల గొట్టం కావలెను. తప్పు నమూనా వలన 20 మీటర్ల ఎడం అని నిర్ణయిస్తే 200 మీటర్లు కావలెను. గొట్టం, గుంట, కూలి అన్నీ రెట్టింపు. నమూనా తీయుటలో అరగంట తొందర ఎకరానికి ఇంత ఖర్చు తెచ్చిపెట్టగలదు.

బాపట్ల వ్యవసాయ కళాశాల 1945 నుండి మన ప్రాంతపు నేలలతో కలిసి పెరిగిన సంస్థ. చౌడు, మురుగు నేలల బాగుకొరకు ఇండో-డచ్ పథకం క్రింద బాపట్ల శాస్త్రజ్ఞులు కోనంకి, ఉప్పుగుండూరు గ్రామాలలో భూగర్భ మురుగు గొట్టాలు వేసి పరిశీలించారు. ఇటువంటి పనులలో పొలంలోనే గుంటవేసి నీటి ఊటను కొలిచే పద్ధతికి విలువ ఎక్కువ. ఎందుకంటే, అందులో నేలను ఇంటికి తీసుకురాము, మనమే నేల దగ్గరకు వెళతాము.

అన్నిటికీ చెదరని నమూనా అక్కరలేదు

ఇంత చెప్పానని ప్రతి పరీక్షకూ గొట్టాలు, మైనం అక్కరలేదు. ఒక్క సూత్రం గుర్తుంచుకోండి. మట్టిని ఏ స్థితిలో వాడబోతున్నామో ఆ స్థితిలోనే పరీక్షించవలెను.

నత్రజని, భాస్వరం, పొటాష్, సేంద్రియ కర్బనం, ఉదజని సూచిక, ఉప్పు, ఇసుక-ఒండ్రు-బంక పాళ్ళు, ఇవి అమరికపై ఆధారపడవు. వీటికి మామూలు పొడిమట్టి చాలును. ఎప్పటివలెనే గట్ల దగ్గర, చెట్లక్రింద, పెంటకుప్పల చోట వదలి, పదిచోట్ల ఆరు అంగుళాల లోతున ‘వి’ ఆకారపు గుంటలు తీసి, అంచునుండి మట్టి చెక్కి, బాగా కలిపి, నాలుగు భాగాలు చేసి రెండు వదిలివేస్తూ అరకిలోకు తగ్గించి, నీడన ఆరబెట్టి పంపవలెను. ఇక్కడ ఎంత కలిపితే అంత మంచిది.

చెరువుగట్టు, నీటికుంట కట్ట, కాలువ కట్ట వేయుటకు మట్టి పరీక్షించదలచినప్పుడు కూడా పొడిమట్టే తీసుకోవలెను. కట్టలో మట్టిని ఎట్లాగూ చెదరగొట్టి, తడిపి, అదుముతాము. అమెరికా ఇంజనీరు ప్రాక్టర్ 1933లో చూపించినట్లు, ప్రతి మట్టికీ ఒక సరైన తడి ఉంటుంది. ఆ తడిలో అదిమితేనే అది గట్టిగా కూర్చుంటుంది. అయితే నీటికుంట అడుగున తవ్వకుండా వదిలిన నేలలో నీరు ఇంకుతుందా లేదా అన్న ప్రశ్నకు మాత్రం చెదరని నమూనా లేక పొలంలో పరీక్ష అవసరం. ఒకే కుంటలో కట్టకు ఒక రకం నమూనా, అడుగుకు మరొక రకం నమూనా అని గ్రహించండి.

పునాది బలం, నేల కుంగుట, సహజస్థితిలో ఉబ్బుట, నీరు దిగుట, మట్టి సాంద్రత, వీటికి చెదరని నమూనా తప్పనిసరి.

సాంద్రతలో చిన్న తప్పు, పెద్ద ఖర్చు

దమ్ము చేసిన పొలాలలో నాగటి చాలు క్రింద గట్టిపొర ఏర్పడిందా అని తెలుసుకొనుటకు 100 ఘన సెంటీమీటర్ల ఉక్కు వలయంతో మట్టి తీసి, 105 డిగ్రీల వద్ద ఆరబెట్టి తూచుతారు. ఆరిన మట్టి 130 గ్రాములు తూగితే సాంద్రత 1.30. వలయం ఎత్తు 5 సెంటీమీటర్లు. తొందరలో అదిమి అదిమి అయిదున్నర సెంటీమీటర్ల మట్టిని ఆ వలయంలోకి కూరితే అదే నేల 1.43గా కనబడుతుంది. 1.30 వద్ద నేలలో ఖాళీజాగా నూటికి సుమారు 51 వంతులు. 1.43 వద్ద 46 వంతులు. లేని గట్టిపొర కాగితంపై ఉన్నట్లు కనబడి, మీరు లోతు దుక్కికి ట్రాక్టరును పిలుస్తారు. వలయం దింపేటప్పుడు లోపలి మట్టి ఎత్తు, బయటి నేల ఎత్తు ఒకటిగా ఉన్నాయా అని చూసుకొంటే ఈ ఖర్చు ఉండదు.

నమూనా తీసే విధానం

1. సమయం: నేల పదునులో ఉండగా తీయవలెను. నెర్రెలు విచ్చిన ఎండునేలలో వలయం దింపితే పెళ్ళలు పగులుతాయి. బురదలో దింపితే నలుగుతాయి.

2. చోటు: కావలసిన లోతుకు కొంచెం పైవరకు పారతో గుంట తీసి, చివరి నాలుగు అంగుళాలు కత్తితో చదును చేయవలెను. పారతో త్రొక్కిన మట్టిలో నమూనా తీయరాదు.

3. పనిముట్టు: పలుచని గోడ, పదునైన అంచు ఉండవలెను. అంచు వాలు బయటివైపునకు ఉండవలెను. లోపలిగోడ నునుపుగా, తుప్పులేకుండా ఉండవలెను.

4. దింపుట: వలయంపై చెక్కదిమ్మ ఉంచి, మీ బరువుతో నిలకడగా, ఒకే ఊపున నొక్కవలెను. సుత్తిదెబ్బలు వద్దు. ఊపుతూ, త్రిప్పుతూ దింపవద్దు. మట్టి వలయం అంచుకు రాగానే ఆపవలెను.

5. తీయుట: వెంటనే పైకి లాగితే అడుగున గాలి లేక మట్టి సాగుతుంది. చుట్టూ తవ్వి, అడుగున సన్నని తీగతో కోసి, వలయాన్ని మట్టితోసహా ఎత్తవలెను.

6. సరిచేయుట: పైనా క్రిందా మిగిలిన మట్టిని సన్నని తీగతో కోయవలెను. వేలితో మెత్తవద్దు.

7. మూయుట: రెండువైపులా మూతలు పెట్టి, ప్లాస్టిక్ కాగితం చుట్టి, అంచులకు కరిగించిన మైనం పూయవలెను. పేరు, సర్వే నంబరు, లోతు, తేదీ, ముందు పైరు రాయవలెను. ఏది పైవైపో బాణం గుర్తు తప్పక వేయవలెను.

8. రవాణా: పెట్టెలో వరిపొట్టు లేక గడ్డి పరచి, నిలువుగా నిలబెట్టి, నీడన తేవలెను. బస్సులో తెచ్చేటప్పుడు ఒడిలో పెట్టుకొని తెచ్చినా తప్పులేదు. ఆలస్యం చేయకుండా అప్పగించవలెను.

9. సంఖ్య: ఒక్కొక్క లోతుకు కనీసం మూడు నమూనాలు తీయవలెను. ఒక అడుగు గొట్టం దింపినప్పుడు పదకొండు అంగుళాల మట్టే వస్తే, ఆ సంగతి చీటీపై రాయవలెను. దాచిన లోపం ఫలితంలో తప్పక బయటపడుతుంది.

ఇల్లు, గోదాము వంటి ముఖ్యమైన కట్టడాలకు అన్నిటికంటె మంచిది చేతితో చెక్కిన దిమ్మె. గుంట తీసి, నడుమ ఒక అడుగు ఘనాకారపు మట్టిని నాలుగువైపులా కత్తితో చెక్కి, గుడ్డ, మైనం చుట్టి, పెట్టె బోర్లించి, అడుగు కోసి ఎత్తుతారు. గొట్టం గోడ నెట్టుడు దీనికి లేదు. పని ఎక్కువ, కాని రేగడికి ఇది తగిన పద్ధతి. ఇటువంటి నమూనా ఇంజనీరు సమక్షంలో తీయించుకొనుట మంచిది. రేగడిలో పునాది ఏ లోతుకు వేయవలెనో, లేక రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ రూపొందించిన ఉబ్బెత్తు మొదలు గల పునాది కంబాలు అవసరమో ఆయన నిర్ణయిస్తారు.

పొలంలోనే చేసుకోదగిన పరీక్ష

పసుపు నాటబోయే చేలో మీరు స్వయంగా ఒక పరీక్ష చేయవచ్చును. అడుగు వెడల్పు, రెండడుగుల లోతు గుంట తీయండి. పార తగిలిన గోడలు నున్నగా మెరుస్తుంటాయి. అదే మూసుకుపోయిన పొర. కత్తిమొనతో గోడలను, అడుగును కొంచెం గీరి ఆ మెరుపు తీసివేయండి. రాలిన మట్టిని ఎత్తివేసి, నీరు నింపి ఒక రాత్రి నాననివ్వండి. మరునాడు మరల నింపి, పుల్లపై గుర్తుపెట్టి, గంట గంటకూ ఎన్ని అంగుళాలు దిగిందో రాసుకోండి. చేను ఎత్తున ఒకటి, పల్లాన ఒకటి, నడుమ ఒకటి, మూడు గుంటలు వేసి పోల్చండి. ఉదయం నింపిన నీరు సాయంత్రానికీ కదలని చోట పసుపుకు బోదెలు ఎత్తు చేసి, మురుగు కాలువ లోతు చేయవలెను. లేదా ఆ చెక్కను వరికే వదలవలెను.

దమ్ము కూడా ఒక చెదరగొట్టుటయే

చివరగా ఒక మాట. నమూనా చెడుటను గూర్చి ఇంతసేపు చెప్పాను. ఏటేటా మనం పొలమంతటికీ అదే పని చేస్తున్నాము. దమ్ము చేయుట అంటే నేల అమరికను తెలిసి తెలిసి చెదరగొట్టుటయే. నీరు ఇంకకుండా వరికి అది మేలు. కాని వరి వెనుక మొక్కజొన్నకో, మరుసటి ఏడు పసుపుకో అదే నేల కావలసినప్పుడు, చెదిరిన అమరిక మరల కుదురుకొనుటకు సమయం ఇవ్వవలెను. మన జిల్లాలో వరి కోసిన చేలో దున్నకుండానే మొక్కజొన్న విత్తే పద్ధతి వ్యాపించింది. బురదగా ఉన్న రేగడిని మరల కదపకుండా ఉండుట దాని మేలులలో ఒకటి. పసుపుకు పోయే చెక్కను నేల తడిగా ఉండగా ట్రాక్టరుతో త్రొక్కించవద్దు. కాలువలు కట్టిన తరువాత నేలను బాగా ఎండనిచ్చి నెర్రెలు పడనివ్వండి. వేసవిలో పడిన నెర్రె మనకు శత్రువు కాదు, ఎండ ఉచితంగా చేసిపెట్టే లోతు దుక్కి అది.

ఈసారి ఎవరైనా మీ పొలానికి నమూనాకు వస్తే, నేను వచ్చినా సరే, ముందు ఒక్క ప్రశ్న అడగండి: ‘ఈ నమూనా దేనికి? పొడిమట్టి చాలునా, చెదరని మట్టి కావలెనా?’ సమాధానం చెప్పలేనివారి చేత నమూనా తీయించుకోవద్దు. కాగితంపై వచ్చిన అంకె మీరు ఏండ్ల తరబడి చూసిన చేనుకు విరుద్ధంగా ఉంటే, వెంటనే కొట్టివేయవద్దు, వెంటనే నమ్మవద్దు. మరల నమూనా తీయమని అడగండి. అది మీ హక్కు.